కలిస్టోతో సూర్యుడి రేడియో స్పైకులు పట్టడం ఎలా: 800 కొలతల జీతంతో సంసారం

కలిస్టో పెట్టెను డాబా మీది యాంటెన్నాకు తగిలించి, సాఫ్ట్‌వేర్‌ను వచ్చినది వచ్చినట్టే నడిపిస్తే రెండు మూడు నెలల్లో కొన్ని మంచి టైప్ 3 బర్స్టులు (సూర్యుడి నుంచి క్షణాల్లో వచ్చిపోయే రేడియో పేలుళ్లలో ఒక రకం) దొరుకుతాయి. మొదట్లో సంబరంగానే ఉంటుంది. కొన్నాళ్లకు వాటిని జూమ్ చేసి చూడబుద్ధేస్తుంది, చేస్తే పెద్ద పెద్ద గళ్లు తప్ప ఏమీ కనబడవు. అక్కడ మొదలవుతుంది టైమ్ రిజల్యూషన్ (ఎంత చిన్న క్షణాన్ని విడిగా చూడగలమన్నది) పెంచాలన్న దురద. నాకూ అలాగే మొదలైంది. ఇదేదో సెట్టింగుల్లో ఒక అంకె మారిస్తే అయిపోయే పని అనుకున్నాను, కాదు. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవడం ఎలా అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

కలిస్టో అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్‌లో క్రిస్టియన్ మోన్‌స్టైన్ తయారుచేసిన చిన్న రేడియో స్పెక్ట్రోమీటర్ ఇది. లోపల ఉండేది టీవీ ట్యూనరే. 45 నుంచి 870 మెగాహెర్ట్జ్ దాకా ఒక్కో ఫ్రీక్వెన్సీకి ట్యూన్ అవుతూ, అక్కడ ఎంత పవర్ వస్తోందో కొలిచి కంప్యూటర్‌కు పంపుతుంది. ప్రపంచమంతా ఇలాంటి పెట్టెలు కలిసి ఈ-కలిస్టో నెట్‌వర్క్‌గా పనిచేస్తున్నాయి, డేటా ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మనకు దగ్గర్లో చూస్తే హిందూపురం పక్కన సరిహద్దు దాటగానే వచ్చే గౌరిబిదనూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ల రేడియో అబ్జర్వేటరీ ఉంది. వాళ్ల ఫైళ్లూ ఈ నెట్‌వర్క్‌లో దొరుకుతాయి. మీ డేటాను పోల్చుకోవడానికి అంతకంటే దగ్గర చుట్టం లేదు.

ముందు దేనికోసమో తేల్చుకోండి

"ఎంత వీలైతే అంత ఫాస్ట్" అని మొదలుపెట్టొద్దు. మీరు చూడాలనుకునేది ఎంతసేపు ఉంటుంది, ఫ్రీక్వెన్సీలో ఎంత వెడల్పు ఉంటుంది అన్న రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి.

టైప్ 2 బర్స్టులు నిమిషాల తరబడి నడుస్తాయి, వాటికి మామూలు సెట్టింగు ఎక్కువే. టైప్ 3 అలా కాదు, పరుగు పెడుతుంది. సాధారణంగా వాడే సూత్రం ప్రకారం 100 మెగాహెర్ట్జ్ దగ్గర సెకనుకు దాదాపు 50 మెగాహెర్ట్జ్, 300 దగ్గరైతే సెకనుకు 360 మెగాహెర్ట్జ్ చొప్పున కిందికి జారిపోతుంది. మామూలు కలిస్టో సెకనుకు నాలుగు స్వీపులే (స్వీపు అంటే ఛానళ్లన్నిటినీ ఒకసారి చుట్టి రావడం) చేస్తుంది కాబట్టి 300 నుంచి 200కు దిగేలోపు మీకు ఒకటో రెండో స్వీపులు దక్కుతాయి. అందులోంచి డ్రిఫ్ట్ రేటు (ఎంత వేగంగా జారుతోందన్నది) తీయడమంటే రెండు చుక్కలు కలిపి గీత గీయడమే. టైప్ 1 నాయిస్ స్టార్మ్‌లో విడివిడి బర్స్టులు పదో వంతు సెకను నుంచి ఒక సెకను దాకా ఉంటాయి, వెడల్పు కొన్ని మెగాహెర్ట్జ్. ఇక స్పైకులు: 300 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల 100 మిల్లీసెకన్లలోపే పుట్టి పోతాయి, వెడల్పు ఫ్రీక్వెన్సీలో ఒకటి రెండు శాతం, అంటే 3 నుంచి 6 మెగాహెర్ట్జ్.

కొత్తవాళ్లకు నా సలహా నాయిస్ స్టార్మ్‌తో మొదలుపెట్టమని. స్పైకులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు. స్టార్మ్ అలా కాదు, పెద్ద సన్‌స్పాట్ గుంపు మనవైపు తిరిగిన రోజుల్లో గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి కురుస్తూనే ఉంటుంది. పొద్దున సెట్టింగు మార్చి, మధ్యాహ్నం చూసుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకునే వీలుంటుంది.

800 కొలతల జీతం

కలిస్టో సెకనుకు 800 కొలతలు చేస్తుంది. దాని జీతం అంతే, ఓవర్‌టైమ్ లేదు. మామూలుగా 200 ఛానళ్లను సెకనుకు 4 సార్లు చుట్టి వస్తుంది, 200 ఇంటూ 4, లెక్క సరిపోయింది. మీరు 100 ఛానళ్లకు తగ్గిస్తే 8 స్వీపులు, 50కి తగ్గిస్తే 16, 40కి తగ్గిస్తే 20, 20కి తగ్గిస్తే 40. అంటే 20 ఛానళ్లతో ప్రతి 25 మిల్లీసెకన్లకు ఒక స్వీపు. 100 మిల్లీసెకన్ల స్పైకు మీద నాలుగు చుక్కలు పడతాయి. ఆకారం గీయడానికి అది కనీసం. రెండే చుక్కలు పడితే అది స్పైకో, డేటాలో మచ్చో చెప్పలేం.

కొలతల మొత్తం మారదు కాబట్టి ఫైల్ సైజూ మారదు. 15 నిమిషాల ఫైలు కంప్రెస్ చేయకముందు 720 కిలోబైట్ల దగ్గరే ఉంటుంది. "హై టైమ్ రిజల్యూషన్ పెడితే హార్డ్ డిస్క్ నిండిపోతుందేమో" అని టెన్షన్ పడేవాళ్లకు చెబుతున్నా, ఇక్కడ ఆ బాధ లేదు. (తర్వాత చెప్పే ఎస్‌డీఆర్ పద్ధతిలో ఉంది, బోలెడు ఉంది.)

ఆ 20 ఛానళ్లను ఎక్కడ ఖర్చుపెట్టాలి? 45 నుంచి 870 దాకా దూరం దూరంగా చల్లితే స్పైకులు మధ్య సందుల్లోంచి జారిపోతాయి. వాటి వెడల్పే 3 నుంచి 6 మెగాహెర్ట్జ్ అయినప్పుడు ఛానళ్ల మధ్య దూరం 1 మెగాహెర్ట్జ్ మించకూడదు. 20 ఛానళ్లు అంటే 20 మెగాహెర్ట్జ్ కిటికీ. అంతే మీకు కనబడే ప్రపంచం. కిటికీ బయట ఎంత గొప్ప బర్స్టు వచ్చినా మీకు తెలియదు, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. రెండో కలిస్టో కొనే స్తోమత ఉంటే ఒకటి మామూలుగా, ఒకటి ఇలా నడపండి. లేదంటే ఏ బర్స్టు ఏ రకమో చూసుకోవడానికి పక్క స్టేషన్ల డేటా ఉందిగా.

నిశ్శబ్దంగా ఉన్న చోటు వెతకడం

కిటికీ ఎక్కడ పెట్టాలో సూర్యుడి కంటే ముందు మీ ఊరు నిర్ణయిస్తుంది. కలిస్టో సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రల్ ఓవర్‌వ్యూ అని ఒక మోడ్ ఉంది. మొత్తం బ్యాండ్‌ను 62.5 కిలోహెర్ట్జ్ అడుగులతో, 13,200 చోట్ల కొలిచి ఒక ఫైలు ఇస్తుంది. దాన్ని ఒక్కసారి తీసి ఊరుకోకండి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఇంకోటి, ఆదివారం ఒకటి తీయండి. ఒకదాని మీద ఒకటి పెట్టి గ్రాఫ్ గీస్తే మీ చుట్టుపక్కల ఎవరెవరు మాట్లాడుకుంటున్నారో మొత్తం బయటపడుతుంది. 88 నుంచి 108 ఎఫ్ఎం రేడియోలు, ఆపైన 137 దాకా విమానాలు, 250–270 ప్రాంతంలో మిలిటరీ శాటిలైట్లు, 800 దాటితే సెల్ టవర్లు. మధ్యమధ్య ఎవరిదో వాకీటాకీ.

అందులో ఎప్పుడు చూసినా చదునుగా ఉన్న 20 మెగాహెర్ట్జ్ ముక్కను ఎంచుకోండి. 150–350 మధ్య దొరికితే అదృష్టం, నాయిస్ స్టార్ములకు అది మంచి చోటు. పూర్తిగా శుభ్రమైన 20 ఎక్కడా దొరకదు. అలాంటప్పుడు 25 మెగాహెర్ట్జ్ ముక్క తీసుకుని, చెత్త ఉన్న ఐదు చోట్లు వదిలేసి ఛానళ్లు పేర్చండి. ఛానళ్ల మధ్య దూరం సమానంగా ఉండాలన్న రూలేమీ లేదు. ఫ్రీక్వెన్సీ ఫైల్లో వరుసగా రాసుకుంటూ పోవడమే.

ఒక మాట. మీ ముక్క శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, పక్కింటి రభస లోపలికి రాకూడదు. ఎఫ్ఎం స్టేషన్ దగ్గర్లో ఉంటే ఆ పవర్‌కు యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరై, అసలు లేని ఫ్రీక్వెన్సీల్లో కూడా గీతలు పుట్టిస్తుంది. యాంటెన్నాకీ యాంప్లిఫయర్‌కీ మధ్య ఎఫ్ఎం నాచ్ ఫిల్టరో, మీ ముక్కకు సరిపోయే బ్యాండ్‌పాస్ ఫిల్టరో పెట్టండి. ఫిల్టర్ వల్ల కాస్త సిగ్నల్ పోతుంది, పోనివ్వండి.

ఫైళ్లలో మార్చాల్సినవి

మార్చేది మూడు ఫైళ్లు. మూడింటికీ ముందు కాపీ తీసి పెట్టుకోండి, ఈ మాట వినని వాళ్లలో నేనూ ఒకణ్ని.

మొదటిది ఫ్రీక్వెన్సీ ఫైలు. పైన స్వీపుకు ఎన్ని కొలతలు, సెకనుకు ఎన్ని స్వీపులు అని రెండు వరుసలుంటాయి. అక్కడ 20, 40 అని వేయండి. కింద ఒక్కో వరుసలో నంబరు, ఫ్రీక్వెన్సీ ఉంటాయి. సరిగ్గా 20 వరుసలే ఉంచండి, పాత 200 వరుసల్లో మిగిలినవి తీసేయండి. పాత ఫైలు మీదే దిద్దకుండా కొత్త నంబరుతో సేవ్ చేయండి.

రెండోది ప్రధాన కాన్ఫిగరేషన్ ఫైలు. అందులో కొత్త ఫ్రీక్వెన్సీ ఫైలు పేరు ఇవ్వాలి. ఫైలు నిడివి 900 సెకన్లు అని ఉంటుంది, అలాగే ఉంచండి. ఫోకస్ కోడ్ అని రెండంకెల సంఖ్య ఒకటుంటుంది, అది ప్రతి ఫైలు పేరు చివరా వస్తుంది. ఫాస్ట్ మోడ్‌కు వేరే కోడ్ పెట్టండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఏ ఫైలు 4 స్వీపులది, ఏది 40ది అని ఒక్కోటీ తెరిచి చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది గెయిన్, అంటే సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది. సాధారణంగా 120 ఉంటుంది. సూర్యుడు ప్రశాంతంగా ఉన్నప్పుడు మీ రీడింగు దాని గరిష్ఠమైన 255లో మూడో వంతు దాటకుండా చూసుకోండి. పైన ఖాళీ లేకపోతే పెద్ద బర్స్టు వచ్చిన రోజున తల తెగిపోతుంది. తల తెగిన స్పైకులో కొలవడానికి ఏమీ మిగలదు.

మూడోది షెడ్యూలర్. ఏ టైముకు మొదలుపెట్టాలి, ఏ టైముకు ఆపాలి అని ఒక్కో వరుస. మొదలుపెట్టడానికి మోడ్ 3, ఆపడానికి 0, ఓవర్‌వ్యూకి 8. టైములన్నీ యూటీలో (గ్రీనిచ్ టైములో) రాయాలి, మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేయాలి. హైదరాబాదులో రోజంతా అబ్జర్వేషన్ చేసినా దాదాపు ఒకే యూటీ తేదీలో పడుతుంది, హాయి. విశాఖలో మాత్రం మే, జూన్ నెలల్లో సూర్యుడు అయిదున్నరలోపే వచ్చేస్తాడు కాబట్టి మొదటి కొద్ది నిమిషాలు ముందు రోజు తేదీ కిందికి వెళ్తాయి. ఫోల్డర్లు తేదీలవారీగా పెట్టుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఎంత చిన్న స్పైకు కనబడుతుంది? నిజాయితీగా లెక్క

ఈ భాగం బోర్ కొట్టినా వదలొద్దు. తర్వాత మీకొచ్చే నిరాశలో సగం ఇక్కడే తగ్గుతుంది.

కలిస్టో ఒక్కో కొలతకు 300 కిలోహెర్ట్జ్ వెడల్పును 1 మిల్లీసెకను సేపు చూస్తుంది. ఆ రెండూ గుణిస్తే 300. దాని వర్గమూలం సుమారు 17. అంటే ఏ కొలతయినా దానంతట అది 17లో ఒక వంతు, దాదాపు 6 శాతం అటూ ఇటూ ఊగుతుంది. డెసిబెల్స్‌లో చెబితే 0.24. అదీ కాక డేటా 8 బిట్లలో వస్తుంది. 2500 మిల్లీవోల్టులను 255 భాగాలు చేసి, డిటెక్టర్ డెసిబెల్‌కు 25.4 మిల్లీవోల్టులు ఇస్తుందన్న లెక్కతో భాగిస్తే ఒక్కో మెట్టు 0.39 డెసిబెల్. ఆ మెట్టు కంటే చిన్నది ఒక్క కొలతలో కనబడదు. పది కొలతలు సగటు తీస్తే కనబడొచ్చు, కానీ సగటు తీయడమంటే మనం ఇంత కష్టపడి కొన్న టైమ్ రిజల్యూషన్‌ను తిరిగి అమ్మేసుకోవడమే.

ఇప్పుడు సూర్యుడి వైపు నుంచి చూడండి. 250 మెగాహెర్ట్జ్ దగ్గర ప్రశాంతమైన సూర్యుడి నుంచి సుమారు 10 సోలార్ ఫ్లక్స్ యూనిట్లు (సూర్యుడి రేడియో తీవ్రతకు కొలత) వస్తాయనుకుందాం. 7 డీబీఐ గెయిన్ (యాంటెన్నా ఒక దిక్కు నుంచి ఎంత ఎక్కువ పట్టుకుంటుందో చెప్పే కొలత) ఉన్న లాగ్ పీరియాడిక్ యాంటెన్నా, అంటే విశాలమైన బ్యాండ్‌కు పనిచేసేది, అంత ఫ్రీక్వెన్సీలో పట్టే విస్తీర్ణం అర చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ. దాంతో యాంటెన్నాలోకి వచ్చే ఉష్ణోగ్రత 20 కెల్విన్ చిల్లర. మీ సిస్టమ్, ఆకాశం కలిపి 400 కెల్విన్ అనుకుంటే పెరుగుదల 0.2 డెసిబెల్. ఒక మెట్టు కూడా ఎక్కలేదు! అంటే ఈ యాంటెన్నాతో మామూలు సూర్యుడు కనబడడు, యాంటెన్నా తిప్పి "సూర్యుడు దొరికాడా" అని వెతకడం దండగ. 100 యూనిట్ల బర్స్టు అయితే 1.8 డెసిబెల్, నాలుగయిదు మెట్లు. 1000 యూనిట్లదైతే దాదాపు 8 డెసిబెల్, ఇరవై మెట్లు. స్పైకుల ఆకారం గురించి మాట్లాడాలంటే ఈ స్థాయి ఉండాలి.

ఇక్కడే ఒక లాభం ఉంది, చాలామంది వాడుకోరు. మనం ఎలాగూ 20 మెగాహెర్ట్జ్ కిటికీకి పరిమితమయ్యాం కదా, ఇంకా 45 నుంచి 870 దాకా పనిచేసే యాంటెన్నా దేనికి? ఆ ఒక్క ముక్కకు సరిపోయే యాగీ (పాత టీవీ యాంటెన్నాలాంటిది) కట్టుకోండి. 12 డీబీఐ వచ్చే యాగీ 300 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు మూడు మీటర్ల పొడవుంటుంది, అల్యూమినియం గొట్టాలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. సిగ్నల్ మూడింతలు పెరుగుతుంది. దాని చూపు సన్నం కాబట్టి సూర్యుడి వెంట తిప్పాలి, నిజమే. చూపు 40 డిగ్రీలనుకుంటే, సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, రెండున్నర గంటలకోసారి డాబా ఎక్కి చేత్తో తిప్పినా చాలు. మోటార్లు, ట్రాకర్లు తర్వాత చూసుకోవచ్చు. ఎండలో ఎక్కి దిగే ఓపిక లేనివాళ్లు మధ్యాహ్నం పన్నెండుంబావు దిశకు పెట్టి వదిలేసి, దానికి అటూ ఇటూ గంటా ఇరవై నిమిషాల డేటానే నమ్మండి.

లో నాయిస్ యాంప్లిఫయర్ యాంటెన్నా దగ్గరే ఉండాలి, కింద గదిలో కాదు. కిందికి డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ పనికొస్తుంది. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేయండి, ఎర్తింగ్ ఉంది కదా అని ధీమా వద్దు.

గడియారం

250 మిల్లీసెకన్ల డేటాకు గడియారం అర సెకను తప్పినా ఎవరూ అడగరు. 25 మిల్లీసెకన్ల డేటాకు అడుగుతారు, ముందు మిమ్మల్ని మీరే అడుక్కుంటారు. కంప్యూటర్ గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు జరగడం మామూలే. ఎప్పటికప్పుడు సరిదిద్దే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఒకటి పెట్టండి. ఇంటర్నెట్ నుంచి ఎన్‌టీపీ అయితే పది మిల్లీసెకన్ల అటూ ఇటూగా నిలుస్తుంది, కలిస్టోకు అది చాలు. సెకనుకో పల్సు ఇచ్చే జీపీఎస్ మాడ్యూల్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

దీనికంటే కనబడని దొంగ ఇంకోటుంది: సీరియల్ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నవాటిలో లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్లు ఉంటుంది, అంటే డేటాను కాసేపు పోగేసి పంపుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి ఆ పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో దాన్ని 1కి దించండి.

ఇక్కడే ఇంకో సంగతి. కలిస్టో అన్ని ఛానళ్లనూ ఒకేసారి చూడదు, ఒకదాని తర్వాత ఒకటి చూస్తుంది. ఒక్కో ఛానల్‌కు 1.25 మిల్లీసెకన్లు. ఫైల్లో మాత్రం స్వీపు మొత్తానికీ ఒకే టైము ఉంటుంది. 200 ఛానళ్ల స్వీపులో మొదటి ఛానల్‌కీ చివరి ఛానల్‌కీ పావు సెకను తేడా! టైప్ 3 డ్రిఫ్ట్ రేటు కొలిచేటప్పుడు ప్రతి ఛానల్ టైముకూ దాని వరుస నంబరు ఇంటూ 1.25 మిల్లీసెకన్లు కలపండి. కలపకపోతే మీ డ్రిఫ్ట్ రేటు తప్పు, ఎంత తప్పన్నది ఛానళ్లు పైనుంచి కిందికి పేర్చారా, కింది నుంచి పైకి పేర్చారా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

గ్యాస్ లైటర్ పరీక్ష

అంతా పెట్టాక నిజంగా 25 మిల్లీసెకన్లు వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? వంటింట్లోంచి టిక్ టిక్ మనే గ్యాస్ లైటర్ తీసుకెళ్లండి. దాని నిప్పురవ్వ రేడియోలో అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ ఒక్క క్షణం మోగుతుంది. యాంటెన్నాకు నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడి (దగ్గరికి వెళ్లి యాంప్లిఫయర్‌ను చంపుకోకండి) సెకనుకోసారి పది పదిహేను సార్లు నొక్కండి, ఫోన్‌లో టైము చూసుకుంటూ.

కలిస్టో బొమ్మలో ఏం రావాలి? నిలువు గీత వస్తుందనుకుంటారు, రాదు. రవ్వ పడిన క్షణంలో పెట్టె ఏ ఛానల్ మీద ఉందో ఆ ఒక్క గడి, మహా అయితే పక్క గడి వెలుగుతుంది. ప్రతి క్లిక్‌కూ వేరే ఛానల్‌లో. కొన్ని క్లిక్కులు అసలు కనబడవు. దీన్ని కళ్లతో చూశాకే నాకు "ఒకదాని తర్వాత ఒకటి" అన్న మాట అర్థమైంది. క్లిక్ టైములు మీ ఫోన్‌తో సరిపోతే గడియారం కూడా పాస్ అయినట్టే.

మూడు రోజుల నా సంబరం

50 ఛానళ్లు, 16 స్వీపులు పెట్టిన మొదటి వారంలో నాకు అద్భుతమైన పల్సేషన్లు దొరికాయి. పావు సెకనుకోసారి, గడియారం కొట్టినట్టు, ఐమూలగా చారలు. మూడు రోజులు నిద్రపట్టలేదు. నాలుగో రోజు రాత్రి పదింటికి కూడా అవే చారలు వచ్చాయి. రాత్రి పదింటికి సూర్యుడెక్కడివాడు!

సంగతేమిటంటే, పెట్టెకు పెట్టిన 12 వోల్టుల అడాప్టర్ నాసిరకం. మన కరెంటు 50 హెర్ట్జ్, అడాప్టర్లో అది 100 హెర్ట్జ్ ఊపుగా మిగిలిపోతుంది. సెకనుకు 16 సార్లు మాత్రమే చూసేవాడికి 100 హెర్ట్జ్ ఊపు 4 హెర్ట్జ్‌గా కనబడుతుంది, వందలోంచి 16 ఆరుసార్లు తీసేస్తే మిగిలేది 4. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడదూ, అదే ఇది. ఒక ఊపుకు 10 మిల్లీసెకన్లు, ఛానల్‌కు 1.25, అందుకే సరిగ్గా ఎనిమిది ఛానళ్లకో చార. అడాప్టర్ తీసి యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ పెట్టాను, పల్సేషన్లు మాయం.

20 స్వీపులు పెడితే ఇంకా మోసం. 100ను 20 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి ఆ ఊపు నెమ్మదిగా కదిలే అలలాగా కనబడుతుంది. 40 స్వీపులైతే 20 హెర్ట్జ్‌గా. కాబట్టి రికార్డింగు మొదలుపెట్టే ముందు ఒక గంట, యాంటెన్నా కేబుల్ తీసి దాని చోట టెర్మినేటర్ (యాంటెన్నా బదులు మూతలా బిగించే చిన్న రెసిస్టర్) బిగించి నడపండి. అప్పుడు కూడా కనబడేదేదైనా మీ ఇంటి సరుకే.

25 మిల్లీసెకన్లు కూడా చాలకపోతే

అప్పుడు కలిస్టోను వదిలేసి ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో) డాంగిల్‌కు రావాలి. ఇది ఛానళ్లను వంతులవారీగా కాకుండా తన బ్యాండ్ మొత్తాన్నీ ఒకేసారి చూస్తుంది, అసలు తేడా అదీ. చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ నమ్మకంగా ఇచ్చేది సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, అంటే 2.4 మెగాహెర్ట్జ్ కిటికీ. స్పైకు వెడల్పే 3 నుంచి 6 అన్నాం కదా, కాబట్టి స్పైకు మొత్తం అందులో పట్టదు, టైములో దాని ఆకారం మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. 10 మెగాహెర్ట్జ్ ఇచ్చే ఎయిర్‌స్పై లాంటిది ఉంటే రెండూ దక్కుతాయి.

ఆటోమేటిక్ గెయిన్ ఆపేయండి, ఇది మొదటి పని. లేకపోతే స్పైకు రాగానే డాంగిల్ తనంతట తాను గొంతు తగ్గించేస్తుంది. ఫ్రీక్వెన్సీ మార్చుకుంటూ బ్యాండ్ మొత్తం చుట్టే ప్రోగ్రాములు వాడకండి, ఒక్క చోట కూర్చోవాలి. గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 256 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలవారీగా విడదీసే లెక్క) పెట్టి, వరుసగా వచ్చే స్పెక్ట్రాలను 10 మిల్లీసెకన్లకు కూడి రాసుకుంటే గంటకు 370 మెగాబైట్ల లోపు. 1 మిల్లీసెకను అయితే పది రెట్లు. రెండు చివర్లా పది శాతం ఛానళ్లు నమ్మకండి, ఫిల్టర్ అంచుల్లో పడిపోతుంది.

ముడి శాంపిళ్లే దాచుకోవాలనుకుంటే గంటకు 17 జీబీ. రోజంతా దాచడం పిచ్చి పని. నేను చేసేది ఇది: చివరి రెండు నిమిషాల ముడి డేటా ఎప్పుడూ మెమరీలో తిరుగుతూ ఉంటుంది (576 మెగాబైట్లు), పక్కనే ఒక్క సెకను సగటును గమనించే చిన్న స్క్రిప్టు ఉంటుంది. సగం కంటే ఎక్కువ ఛానళ్లలో 3 డెసిబెల్స్ పెరిగితే ఆ రెండు నిమిషాలూ, తర్వాతి రెండు నిమిషాలూ డిస్కుకు రాసేస్తుంది. ఎస్‌డీ కార్డు మీదికి రాయకండి, మధ్యలో శాంపిళ్లు జారిపోతాయి, ఎస్‌ఎస్‌డీ పెట్టండి. జారిపోయాయో లేదో చూడటం తేలిక, వచ్చిన శాంపిళ్ల సంఖ్యను 24 లక్షలతో భాగిస్తే గడిచిన సెకన్లు రావాలి. డాంగిల్ క్రిస్టల్ పది లక్షలకు ఒక వంతు తప్పినా గంటకు 3.6 మిల్లీసెకన్లు పక్కకు పోతుంది, అందుకని ప్రతి కొత్త ఫైలు మొదట్లో జీపీఎస్ టైము రాసుకోండి.

గ్యాస్ లైటర్ పరీక్ష దీనికీ చేయండి. ఈసారి నిజంగానే అన్ని ఛానళ్లనూ కోస్తూ ఒకే గీత రావాలి, ఒక్క టైము గడిలోనే.

సూర్యుడిదేనా?

మిల్లీసెకన్లలో చూడటం మొదలుపెట్టాక ప్రపంచమంతా స్పైకులే. పాత స్కూటర్ ప్లగ్గు, పక్కింటి మిక్సీ, ఎల్‌ఈడీ బల్బు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చిటపటలు, దూరంగా ఎక్కడో మెరుపు. ఇవన్నీ ఎస్‌డీఆర్ బొమ్మలో బ్యాండ్ మొత్తం ఒకేసారి, నిలువునా కోసినట్టు వస్తాయి. సూర్యుడి స్పైకుకు ఫ్రీక్వెన్సీలో మొదలూ చివరా ఉంటాయి, 300 దగ్గర ఉన్నది 310 దగ్గర ఉండదు. మొదట చూడాల్సింది అదే.

తర్వాత రాత్రి డేటా. పగలు తీసిన సెట్టింగుతోనే వారానికి ఒక రాత్రి రెండు గంటలు నడపండి. మీ ట్రిగ్గర్ (పైన చెప్పిన స్క్రిప్టు) రాత్రి ఎన్నిసార్లు మోగిందో అన్నిసార్లు పగలు కూడా దొంగగా మోగుతుందని లెక్కేసుకోండి.

ఆ తర్వాత పక్కవాళ్ల సాక్ష్యం. అదే యూటీ నిమిషంలో గౌరిబిదనూరులోనో, మన పగలు తమకూ పగలైన ఇంకే ఈ-కలిస్టో స్టేషన్‌లోనో ఏదైనా ఉందా చూడండి. వాళ్లకు మీ స్పైకులు విడివిడిగా కనబడవు, పావు సెకను గళ్లలో ఒక మసక ముద్దగా కనబడతాయి, అది చాలు. ఎక్స్-రే కూడా చూడండి. అమెరికా వాళ్ల గోస్ ఉపగ్రహాల గ్రాఫు ఎవరైనా చూడొచ్చు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య-ఎల్1లో హీలియోస్ అనే పరికరం హార్డ్ ఎక్స్-రేలను కొలుస్తుంది, ఇస్రో దాని డేటా విడుదల చేస్తోంది. స్పైకుల గుంపు ఫ్లేర్ (సూర్యుడి మీద పెద్ద పేలుడు) మొదలయ్యే ఘట్టంలో పడితే రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసుకోవచ్చు. నాయిస్ స్టార్ముకు మాత్రం ఎక్స్-రేలో ఏమీ కనబడకపోవచ్చు, దానికి కంగారుపడి డేటా పారేయకండి.

ఈ మూడూ దాటిన స్పైకులు నాకు వంద ట్రిగ్గర్లలో రెండో మూడో మిగిలాయి. ఆ ఫైళ్లను మాత్రం ముడి డేటాతో సహా వేరే డిస్కులో దాచి, పక్కన ఒక టెక్స్ట్ ఫైల్లో ఆ రోజు గెయిన్ ఎంత, ఏ యాంటెన్నా ఎటు తిరిగి ఉంది, బ్యాటరీనా అడాప్టరా, వాన పడిందా అన్నది రాసి పెట్టుకోండి, అదీ ఆ రోజే.